లేత్ మిషన్ దగ్గర మొదటి పాఠాలు

మన ఊళ్లలో బస్టాండు దాటి కొంచెం ముందుకు వెళితే, వెల్డింగు షాపుల వరుసలో "లేత్ వర్క్స్" అని బోర్డు కట్టిన రేకుల షెడ్డు ఒకటి కనిపిస్తుంది. పొలంలో మోటారు షాఫ్టు అరిగినా, ట్రాక్టరు బుష్ వదులైనా, పిండిమర పుల్లీ పాడైనా మనం పరుగెత్తేది అక్కడికే. నూనె మరకల బట్టలతో ఆ షెడ్డులో నిలబడి పని చేసే మనిషితో బేరమాడి, పని చేయించుకుని వచ్చేస్తాము. ఆయన ఆ పనిని ఎలా నేర్చుకున్నాడో, నేర్చుకునేటప్పుడు ఏమేమి దాటి వచ్చాడో ఆలోచించేవారు తక్కువ.

పదవ తరగతి ఫలితాలు వచ్చే ప్రతి వేసవిలోనూ ఈ ఆలోచన కొన్ని ఇళ్లలోకి తలుపు తోసుకుని వస్తుంది. "అబ్బాయిని ఐ.టి.ఐ.లో టర్నర్ ట్రేడులో చేర్చమంటున్నారు, చేర్చవచ్చా? ఆ మిషన్ల మధ్య చేతికేమైనా అయితే?" అని తల్లులు అడుగుతారు. "చదువు రాని వాళ్లు చేసే పని కదా!" అని కొందరు తండ్రులు చప్పరిస్తారు. మేము ఆ ట్రేడులోనే శిక్షణ పొందినవాళ్లము గనుక, ఈ రెండు మాటలకూ మాకు తెలిసినంత మట్టుకు జవాబు చెప్పాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

సారె వంటిదే గాని సారె కాదు

లేత్‌ను అర్థం చేసుకోవడానికి కుమ్మరి సారెను తలచుకుంటే చాలు. సారె మీద మట్టి తిరుగుతుంది. కుమ్మరి చెయ్యి దానికి రూపమిస్తుంది. లేత్ మీద ఇనుప కడ్డీ తిరుగుతుంది; దానికన్నా గట్టిదైన కత్తి దానికి రూపమిస్తుంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పి లక్క బొమ్మలు చేసేవారిది కూడా ఈ పద్ధతే. వారిది కర్ర, మాది ఇనుము.

మిషన్‌కు ఎడమ చేతి వైపున హెడ్‌స్టాక్ ఉంటుంది. మోటారు శక్తిని గేర్ల ద్వారా తీసుకుని, చక్‌ను తిప్పేది అదే. చక్‌కు ఉండే మూడు దవడలు కడ్డీని బిగించి పట్టుకుంటాయి. కుడి వైపున ఉండే టెయిల్‌స్టాక్ పొడవైన కడ్డీ రెండవ కొన ఊగకుండా ఆసరా ఇస్తుంది. ఈ రెండింటి మధ్య, పోత ఇనుముతో చేసిన బెడ్ మీద క్యారేజి అటూ ఇటూ నడుస్తుంది. కత్తిని, అనగా మేము టూల్ అని పిలిచే దానిని, పట్టుకునేది ఈ క్యారేజి మీదనే. టూల్ తరచుగా హైస్పీడ్ స్టీలుతో చేసినదై ఉంటుంది. వాడుకలో ఉన్న ఒక రకంలో 18 శాతం టంగ్‌స్టన్, 4 శాతం క్రోమియం, 1 శాతం వనేడియం కలుస్తాయి. మామూలు ఉక్కు మెత్తబడిపోయే వేడిలో కూడా దాని పదును నిలుస్తుంది.

అయితే సారెకూ లేత్‌కూ ఒక పెద్ద తేడా ఉన్నది. సారె మీద మట్టి తక్కువైతే మరికొంత చేర్చవచ్చు. కుండ వంకర పోతే ముద్ద చేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. లేత్ మీద తగ్గింది తగ్గినట్టే. కోసిన ఇనుమును తిరిగి అతికించలేము. ఈ పనిలో ఉన్న భయమంతా, క్రమశిక్షణ అంతా ఈ ఒక్క మాటలోనే ఉన్నది.

మొదట చేతులకు, తరువాత మిషన్‌కు

మా బ్యాచ్‌లో పన్నెండు మందిమి. చేరిన రోజునే మిషన్ ఎక్కిస్తారనుకున్నాము. కాని మొదటి వారాలన్నీ బెంచి దగ్గరే గడిచాయి. ఒక ఇనుప ముక్కను వైస్‌లో బిగించి ఆకురాయితో రుద్దడం, ట్రై స్క్వేర్ పెట్టి వెలుతురుకు ఎత్తి చూడడం, ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ మళ్లీ రుద్దడం, ఇదే పని. అరచేతులు బొబ్బలెక్కాయి. ఎందుకీ శిక్ష అని గొణిగేవాళ్లము. "ఇనుము ఎంత గట్టిదో ముందు మీ భుజానికి తెలియాలి. తెలియకుండా మిషన్ దగ్గరకు వెళితే దాన్ని వెన్న అనుకుంటారు" అనేవారు మాస్టారు.

తరువాత కొలతలు. వెర్నియర్ కాలిపర్‌తో 0.02 మిల్లీమీటరు వరకు, మైక్రోమీటరుతో 0.01 మిల్లీమీటరు వరకు చదవడం నేర్పారు. మన తల వెంట్రుక మందం మిల్లీమీటరులో పదవ వంతు కన్నా తక్కువే. ఆ వెంట్రుకలో కొద్ది భాగం తేడా వచ్చినా పట్టుకోగల పరికరాన్ని పదవ తరగతి చదివిన పిల్లవాడి చేతికిస్తారు. దాన్ని గట్టిగా బిగిస్తే ఒక కొలత, వదులుగా పట్టుకుంటే మరొక కొలత చూపిస్తుంది. వేళ్లకు ఆ ఒత్తిడి అలవాటు కావడానికే మాకు కొన్ని వారాలు పట్టింది.

లెక్కలంటే పారిపోయి ఐ.టి.ఐ.కి వచ్చినవారికి ఇక్కడ లెక్కలే ఎదురవుతాయి. మెత్తని ఉక్కును నిమిషానికి 30 మీటర్ల వేగంతో కోయాలనుకుందాము. కడ్డీ 25 మిల్లీమీటర్లదైతే చక్ నిమిషానికి సుమారు 380 చుట్లు తిరగాలి. కడ్డీ 50 మిల్లీమీటర్లదైతే అందులో సగం చుట్లు చాలు. ఈ లెక్క చేయకుండా వేగం పెంచితే టూల్ కొన కాలి నల్లబడుతుంది. "చదువు రాని వాళ్ల పని" అనేవారు ఈ ఒక్క లెక్కనైనా చేసి చూడాలని మా మనవి.

చక్ కీ

ఇక తల్లులు అడిగే ప్రశ్నకు వద్దాము. ప్రమాదం లేదా అంటే, ఉన్నది. దాన్ని దాచడం మంచిది కాదు. అయితే ఆ ప్రమాదం దొంగలా వచ్చేది కాదు. ఏ దారిన వస్తుందో ముందే తెలిసినది, ఆ దారిని మూసివేయగలిగినది.

చక్‌ను బిగించడానికి టీ ఆకారంలో ఒక తాళపు చెవి ఉంటుంది. దాన్ని చక్ కీ అంటారు. కడ్డీ బిగించాక ఆ కీని తీయకుండా మిషన్ ఆన్ చేస్తే, అది రాయిలా ఎగిరి ఎవరికైనా తగలవచ్చు. గనుక మాకు మొదటి ఆజ్ఞ, చక్ కీ చక్‌లో ఉండగా దాని మీద నుంచి చెయ్యి తీయకూడదు. బిగించిన చేతితోనే బయటికి తీయాలి.

శిక్షణ మొదలైన మూడవ నెలలో ఒకనాటి మధ్యాహ్నం, మా బ్యాచ్ కుర్రవాడొకడు పక్కవాడు పిలిస్తే తల తిప్పి మాట్లాడి, ఆ మాటల్లోనే స్విచ్చి వేశాడు. కీ ఎగిరి వెనుక గోడకు కొట్టుకుని, సిమెంటు పెచ్చు ఊడగొట్టి కింద పడింది. దారిలో మనిషి లేడు గనుక సరిపోయింది. మాస్టారు కేక వేయలేదు. మెయిన్ స్విచ్చి ఆపి, పన్నెండు మందిమీ ఆ పెచ్చు ఊడిన చోటు దగ్గరకు వచ్చే వరకు ఆగారు. ఆ చోటు సరిగ్గా మనిషి ముఖం ఎత్తున ఉన్నది. "ఇక్కడ ఎవరైనా నిలబడి ఉంటే?" అని అడిగి ఊరుకున్నారు. ఆ రోజు ఇక మిషన్లు తిరగలేదు. అందరం నేల ఊడ్చి, యంత్రాలు తుడిచి ఇళ్లకు వెళ్లాము. ఆ గోడకు సున్నం వేయించవద్దని ఆయనే చెప్పారట. మేము శిక్షణ ముగించి వెళ్లేనాటికి కూడా ఆ గుంట అలాగే ఉన్నది.

మిగిలిన జాగ్రత్తలు కూడా ఇంటిల్లిపాదీ తెలుసుకోదగినవే. లేత్ దగ్గర చేతి తొడుగులు వేసుకోకూడదు. ఇది విన్నవారు ఆశ్చర్యపోతారు, తొడుగులు చేతిని కాపాడతాయి కదా అంటారు. కాని తిరిగే కడ్డీకి తొడుగు చిక్కుకుంటే చేతినే లాగుతుంది. అదే కారణాన వదులు చొక్కా చేతులు, మెడలో తువ్వాలు, చున్నీ, ఉంగరం, చేతి గడియారం, తాయెత్తు, విరబోసిన జుట్టు ఏవీ పనికిరావు. కంటికి అద్దాలు, కాలికి బూట్లు తప్పనిసరి. ఇనుప పొట్టు కత్తిలా పదునుగా, నిప్పులా వేడిగా చుట్టలు చుట్టలుగా వస్తుంది. దాన్ని చేత్తో లాగకూడదు, కొక్కెంతోనో బ్రష్‌తోనో తీయాలి. అది కూడా మిషన్ ఆపాకనే. తిరుగుతున్న చక్‌ను అరచేత్తో ఆపడం, తిరుగుతుండగా కొలత చూడడం కొందరు పాతవాళ్లు గొప్పగా చేసి చూపిస్తారు. వారిని చూసి నేర్చుకోకూడదు.

ఇరవై కావలసినది పందొమ్మిదిన్నర దాటింది

మొదటి జాబ్ ఫేసింగ్. కడ్డీ కొనను అద్దంలా చదును చేయడం. అది కుదిరాక ప్లెయిన్ టర్నింగ్, అనగా కడ్డీ పొడవునా ఒకే మందం తేవడం. ఆ తరువాత స్టెప్ టర్నింగ్. ఒకే కడ్డీ మీద మెట్లు మెట్లుగా 30, 25, 20 మిల్లీమీటర్ల మందాలు తేవాలి. మేమందరం తడబడినది ఈ మూడవ దాని దగ్గరే.

ఇక్కడొక చిన్న చిక్కు ఉన్నది. టూల్‌ను 0.5 మిల్లీమీటరు లోపలికి పంపితే కడ్డీ మందం 0.5 తగ్గదు, 1 మిల్లీమీటరు తగ్గుతుంది. కడ్డీ తిరుగుతున్నది గనుక అన్ని వైపులా కోత పడుతుంది. పైగా కొన్ని మిషన్ల డయలు టూల్ ఎంత లోపలికి వెళ్లిందో చూపిస్తుంది, మరికొన్నింటి డయలు మందం ఎంత తగ్గుతుందో చూపిస్తుంది. కొత్త మిషన్ దగ్గర నిలబడినవాడు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇదే.

మాలో ఒక స్నేహితుడు మూడవ మెట్టును 20.40 దాకా తెచ్చాడు. ఇంకా 0.40 తగ్గాలి గనుక డయలు మీద 0.20 ఇస్తే సరిపోయేది. తొందరలో 0.40 ఇచ్చేశాడు. కోత అయ్యాక కొలిస్తే 19.60. పది రోజుల కష్టం ఒక్క నిమిషంలో పోయింది. తండ్రి లేని పిల్లవాడు. తల్లి కుట్టు మిషన్ మీద సంపాదించి చదివిస్తున్నది. జాబ్ పాడు చేస్తే పంపించేస్తారేమోనని భయపడ్డాడు. రికార్డు పుస్తకంలో 20.00 అని వ్రాసి, ముక్కను మిగతా వాటి అడుగున పెట్టేశాడు. మాలో ఇద్దరికి తెలుసు, చెప్పలేదు.

సాయంత్రం మాస్టారు ఒక్కొక్క ముక్కనూ మైక్రోమీటరుతో కొలుస్తూ అతని దాని దగ్గరకు వచ్చారు. రెండుసార్లు కొలిచారు. పుస్తకం చూశారు. అతన్ని పిలిచి మైక్రోమీటరు చేతికిచ్చి, "చదువు నాయనా" అన్నారు. అతను నోరు విప్పలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు ఆయన ఒక బేరింగు తెచ్చి బల్ల మీద పెట్టారు. నీళ్ల మోటార్లలో తరచుగా కనిపించే 6204 నెంబరు బేరింగు అది. దాని లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు. పాడైన ముక్కను అందులో దూర్చి వదిలారు. అది గలగలమని ఊగింది. "ఇది ఒక రైతు మోటారులోకి వెళ్లిందనుకో. షాఫ్టు బేరింగును పట్టుకోదు. అరుగుతుంది, వేడెక్కుతుంది. ఏ అర్ధరాత్రో కరెంటు వచ్చిన వేళ మోటారు పట్టేస్తుంది. ఆయన మడి ఎండిపోతుంది. తప్పు ఎక్కడ జరిగిందో ఆయనకు ఎప్పటికీ తెలియదు" అన్నారు.

తరువాత ఆయన అన్న మాట మా పన్నెండు మందికీ ఈనాటికీ గుర్తున్నది. "19.60 అని వ్రాసి ఉంటే ఈ ముక్కను రేపు 18కి దించి ఇంకొక పనికి వాడుకుందుము. 20 అని వ్రాశావు గనుక ఇది దేనికీ పనికిరాకుండా పోయింది. తగ్గిన కొలతకు చోటు దొరుకుతుంది బాబూ, అబద్ధపు కొలతకు దొరకదు." ఇలా అని పుస్తకంలో 20.00ను కొట్టించి 19.60 అని అతని చేతనే వ్రాయించారు. మరునాడు ఆ ముక్కనే 18కి దించమని చెప్పారు. పంపించివేయడం అనే మాటే రాలేదు. ఆ స్నేహితుడు ఆ తరువాత మాలో అందరికన్నా నిదానంగా కోసేవాడయ్యాడు. చివరి అర మిల్లీమీటరు దగ్గర ఆగి, మిషన్ ఆపి, కడ్డీ చల్లారనిచ్చి, కొలిచి, లెక్క కాగితం మీద వేసుకుని, అప్పుడు చివరి కోత ఇచ్చేవాడు. కడ్డీ చల్లారనివ్వడం ఎందుకంటే, వేడి మీద సరిగ్గా 30 చూపించిన ముక్క చల్లారాక వందవ వంతో రెండో తగ్గిపోతుంది. ఇనుము కూడా వేడిలో ఉబ్బుతుంది, చల్లబడితే తన అసలు కొలతకు వస్తుంది.

కొలతను నమ్మిన ఒక కార్మికుడు

నేటి లేత్‌కు రూపమిచ్చినవారిలో ముఖ్యుడు హెన్రీ మాడ్‌స్లే. 1771లో ఇంగ్లండులోని ఊలిచ్‌లో పుట్టాడు. పన్నెండవ ఏటనే అక్కడి ఆయుధ కర్మాగారంలో పనికి కుదిరాడు. పద్దెనిమిదేళ్లకు జోసెఫ్ బ్రామా అనే తాళాల తయారీదారు దగ్గర చేరి, పనిలో అందరినీ మించాడు. జీతం పెంచమంటే పెంచలేదు గనుక 1797లో సొంత వర్క్‌షాపు పెట్టుకున్నాడు. 1800 ప్రాంతంలో, ఒకే కొలతతో మరలు కోయగల లేత్‌ను తయారు చేశాడు. అంతకుముందు ఒక బోల్టుకు కోసిన నట్టు మరొక బోల్టుకు సరిపోవడం అరుదు. మాడ్‌స్లే తన వర్క్‌షాపులో ఒక మైక్రోమీటరు ఉంచాడు. దానికి "లార్డ్ ఛాన్స్‌లర్" అని, అనగా ఇంగ్లండులోని అత్యున్నత న్యాయాధికారి పేరు పెట్టారు. పనివారి మధ్య కొలత గురించి తగవు వస్తే దాని తీర్పే చివరి తీర్పు. యజమాని మాటకూ పనివాని మాటకూ పైన కొలత నిలబడింది. ఆయన దగ్గర పని నేర్చుకున్న జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరల కొలతలకు ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించాడు.

మన దేశంలో ఈ విద్యకు గట్టి పునాది స్వాతంత్ర్యం తరువాత పడింది. మన ఐ.టి.ఐ.లు నడిచే క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీము 1950లో మొదలైంది. 1953లో బెంగళూరులో హెచ్.ఎం.టి. ఏర్పడి మన దేశంలోనే లేత్‌లను తయారు చేసింది. అంతకు పదేళ్ల ముందే, 1943లో, సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ నెలకొన్నది. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. శిక్షణ ముగించినవారు కర్మాగారాల్లో స్టైపెండుతో పని నేర్చుకునే వీలు ఆ చట్టం వల్లనే కలిగింది.

తల్లిదండ్రులారా, ఇవి అడగండి

టర్నర్ ట్రేడు శిక్షణ రెండేళ్లు. పదవ తరగతి ప్యాసైనవారు చేరవచ్చు, బాలికలు కూడా చేరవచ్చు. ఈ పనికి కావలసినది కండబలం కన్నా కన్ను, ఓర్పు, లెక్క. నేడు అనేక కర్మాగారాల్లో కంప్యూటరుతో నడిచే సి.ఎన్.సి. లేత్‌లు వచ్చాయి. ఇక చేతి లేత్ నేర్చుకోవడం దండగ అని కొందరంటారు. మేమలా అనుకోము. కంప్యూటరుకు ఎంత వేగం, ఎంత లోతు, ఏ టూల్ అని చెప్పవలసినది మనిషే. చేతితో కోసి, ఆ శబ్దం విని, ఆ పొట్టు రంగు చూసినవాడికే అది తెలుస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లోనూ, హైదరాబాదు బాలానగర్‌లోనూ మామూలు లేత్‌లు ఈనాటికీ తిరుగుతూనే ఉన్నాయి.

చేర్చే ముందు తల్లిదండ్రులు స్వయంగా వెళ్లి వర్క్‌షాపు చూడండి. ఆఫీసు గది చూసి తిరిగి రాకండి. ఎంతమంది పిల్లలకు ఎన్ని లేత్‌లు ఉన్నాయి? అవి తిరుగుతున్నాయా, దుమ్ము పట్టి ఉన్నాయా? పొట్టు ట్రేలో తాజా ఇనుప పొట్టు కనిపిస్తున్నదా? పిల్లల కళ్లకు అద్దాలున్నాయా? ప్రతి మిషన్‌కూ ఎమర్జెన్సీ స్విచ్చి పని చేస్తున్నదా? కొలత పరికరాలు పిల్లల చేతుల్లో ఉన్నాయా, బీరువాలో తాళం వేసి ఉన్నాయా? హాజరు వేయించుకుని సర్టిఫికెట్టు ఇచ్చే చోట రెండేళ్లు గడిపిన పిల్లవాడు మొదటి ఉద్యోగంలో మొదటి రోజే తల వంచుకోవలసి వస్తుంది. సర్టిఫికెట్టు మీద ఏమున్నా, మైక్రోమీటరు దగ్గర అది చెల్లదు.

మరొక మనవి. సాయంత్రం పిల్లవాడు నూనె చేతులతో ఇంటికి వస్తే ముక్కు మూసుకోకండి. నలుగురిలో "మావాడు ఇంజనీరింగు చదవలేకపోయాడండీ" అని వాడు వింటుండగా అనకండి. వాడికి వేడి నీళ్లు, సబ్బు ఇచ్చి, భోజనం దగ్గర కూర్చోబెట్టి, "ఈ రోజు ఏమి కోశావు? కొలత ఎంత వచ్చింది?" అని అడగండి. సరిగ్గా వస్తే సంతోషించండి. తగ్గిందని చెప్పితే, చెప్పినందుకు ఇంకా ఎక్కువ సంతోషించండి. ఇంటి దగ్గర నిజం చెప్పి తిట్లు తినని పిల్లవాడు వర్క్‌షాపులో కూడా 19.60ని 19.60 అనే వ్రాస్తాడు. ఎక్కడో ఒక రైతు మోటారు ఆ కారణాన రాత్రంతా ఆగకుండా తిరుగుతుంది.